అర్ధగంట

తెల్లారుగట్ల నాలుగున్నరకు
చిన్న స్టీలు గ్లాసుల సగం నీళ్ళు పోసుకొని
గోలీ ఏసుకుంట.
అంతకంటె ఎక్కువ నీళ్ళు తాగొద్దంటరు.
అర్ధగంట దాక చాయ్ లేదు, బిస్కిట్ లేదు,
బీపీ గోలీ సుత దీని ఎన్క లైన్ల ఆగాలె.

ఇరవై రెండేండ్ల సర్వీసుల
చెయ్యెత్తినోళ్ళందరి కోసం బండి ఆపిన.
నా కోసం నేను ఆగింది ఈ అర్ధగంటనే.

డిపోల మోయిజన్న చాయ్ పట్టుకొని నిలబడ్తడు.
"ఇంక పదకొండు నిమిషాలు" అంట.
"క్యా అండాలక్కా, రోజానా?" అని నవ్వుతడు.
మీగడ కట్టుకుంట సల్లారుతది చాయ్.

గోలీ ఎందుకంటె చెప్త.
ఎనిమిది ఏ బండిల, రాణిగంజ్ కాడ,
మందిల నుంచి సందు చేసుకొని పోతుంటె
కాలేజీ పిల్ల ఒకామె అన్నది,
"ఆంటీ, జర జరుగుండ్రి."
జరుగుండ్రి, ముందటికి జరుగుండ్రి అని
దినాం వెయ్యిసార్లు నేను అనే మాట
నాకే తిరిగొచ్చింది, చిల్లర లెక్క.

మోకాళ్ళు అంతకుముందే అన్నయి అనుకో,
ఫుట్‌బోర్డు ఎక్కిన ప్రతిసారి.

తార్నాక దవాఖానల డాక్టరమ్మ
కాగితం మీద పేరు రాసి కింద గీత గీసి
"ఇది ఆకలిని తగ్గిస్తది. చిన్న డోసు నుంచి పోదాం,
వాంతులైతె వచ్చి చెప్పు" అన్నది.
"బంద్ చేస్తె?"
"బరువు మల్లొస్తదమ్మా, శానా మందికి."
అంటె ఇది బస్ పాస్ అన్నట్టు. నెలనెలా రెన్యువల్.
రేటు మా ఆయనకు సగమే చెప్పిన.

మొదటి వారం ఆబిడ్స్ దాటంగనే
డీజిల్ వాసనకు కడుపుల తిప్పింది.
టికెట్ మిషన్ ఒళ్ళె వెట్టుకొని
కిటికీకి తల ఆనిచ్చిన.
మూడో వారం సంది
ఆకలి నా బస్సు ఎక్కుడు బంద్ చేసింది.

అది నాకు చిన్నప్పటి సంది ఎరుకే,
టికెట్ లేని ప్యాసింజర్.
పదకొండింటికి అఫ్జల్‌గంజ్ల ఎక్కేది,
ఏ సీట్ల కూసున్నా మొఖం గుర్తుపడ్తుంటి.
ఇప్పుడు ఆడోళ్ళకు జీరో టికెట్ కొట్టుకుంట
ఒక్కోసారి ఎన్కకు తిరిగి చూస్త.
ఏ స్టాపుల దిగిందో, చెప్పకపాయె.

డబ్బ ఇప్పుత. జొన్నరొట్టెలు, చింతచిగురు పప్పు.
ఒకటిన్నర రొట్టెకే చెయ్యి ఆగిపోతది
సిగ్నల్ పడ్డట్టు.
నాలుగింటికి లేచి ఇన్ని ఎందుకు చేసిన?
చేతులకు ఇంక తెల్వది,
పాత లెక్కనే పిండి పిసుకుతున్నయి.

మా చెల్లె ఫోన్ల హలో ఉండది, బాగున్నవా ఉండది.
మొదటి మాట "తిన్నవా?"
"తిన్న" అంట.
అంతకంటె దానికి అడగరాదు,
నాకు చెప్పరాదు.

తొమ్మిది కిలోలు పోయినయి.
ఖాకీ అంగి రెండుసార్లు కుట్లిప్పి కుట్టిపిచ్చిన.
మందిల నుంచి సీదా పోత, ఎవ్వలేం అనరు.
మోకాళ్ళు మాట్లాడ్తలేవు.
మంచిగనే ఉన్నది, అబద్ధమెందుకు.
మొన్న పెండ్లిల బిర్యాని ముందల
సర్కారు ఆఫీసుల కూసున్నట్టు కూసున్న గని.

రంజాన్ల ఒకనాడు డబల్ డ్యూటీ వడ్డది.
ట్యాంక్‌బండ్ మీద జామ్.
మోయిజన్న గడియారం చూసిండు,
అలవాటుల నేనూ చూసిన.
యాడనో సైరన్ మోగింది.
సీటు కింది నుంచి డబ్బ తీసి
ఒక ఖజూర్ నోట్లె ఏసుకొని
ఇంకొకటి ఎన్కకు చాపిండు, మొఖం తిప్పకుంటనే.

ఆకలి లేదు.
తీసుకున్న.
మెల్లగ నమిలిన, గింజ దాక.
ముందటి బండ్లు కదిలినయి.
గింజను చిల్లర సంచిల ఏసుకొని
రైట్ రైట్ అన్న.